సామాన్యుని రైలు

దూరప్రాంతాలకు పోయే ఎక్స్‌ప్రెస్ బండికి ఒక చివర ఇంజను, మరొక చివర గార్డు పెట్టె ఉంటాయి. సాధారణంగా ఈ రెండింటికీ చేరువలో, అటు ఒకటో రెండో, ఇటు ఒకటో రెండో రిజర్వేషను లేని పెట్టెలు ఉంటాయి. ప్రజలు వీటిని జనరల్ బోగీలంటారు. ఏసీ పెట్టెలు, స్లీపరు పెట్టెలు బండి నడుమ ఉండి, స్టేషను ద్వారానికీ, నీడకూ, మంచినీటికీ దగ్గరగా ఆగుతాయి. జనరల్ బోగీలు తరచుగా ప్లాట్‌ఫారం పైకప్పు ముగిసిన చోట, ఎండలోనో వానలోనో ఆగుతాయి. తొంభై మందో నూరు మందో కూర్చునే వీలున్న ఆ పెట్టెలో పండుగ రోజులలో అంతకు రెండింతల మంది ఎక్కుతారు. సీట్ల నడుమ, తలుపుల వద్ద, చివరకు మరుగుదొడ్డి ముందర కూడా మనుషులే. బండి దేనినైనా ఢీకొన్నా, బండిని వెనుకనుండి మరొకటి ఢీకొన్నా మొదటి దెబ్బ తగిలేది చాలాసార్లు ఈ పెట్టెలకే.

భారతీయ రైల్వే ప్రభుత్వ సంస్థ. అంటే దేశ ప్రజలందరి ఆస్తి. ఆ ఆస్తిలో సామాన్యుని వాటా ఎంత అన్న ప్రశ్నకు సమాధానం పత్రికలలో వచ్చే కొత్త రైళ్ల చిత్రాలలో దొరకదు. బండి చివరనున్న ఆ రెండు మూడు పెట్టెలలో వెదకాలి. ఒక ప్రజాసంస్థ యోగ్యతను దాని అత్యంత వేగవంతమైన వాహనంతో కాక, అందులో అతి తక్కువ సొమ్ముతో ప్రయాణించే మనిషికి దక్కిన గౌరవంతో, భద్రతతో కొలవడం న్యాయం.

రైలు మన దేశానికి ప్రజల మేలు కోరి రాలేదు. 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణాకు 34 కిలోమీటర్ల దూరం తొలి ప్రయాణికుల బండి నడిచింది. అందులో ప్రయాణించినవారు దాదాపు నాలుగువందల మంది ఆహ్వానితులు. పత్తిని రేవులకు చేర్చడానికి, ఇంగ్లండులో నేసిన బట్టను ఊళ్లకు చేర్చడానికి, సైన్యాన్ని త్వరగా తరలించడానికి ఆంగ్ల పాలకులు రైలుమార్గాలను వేశారు. పెట్టుబడి పెట్టిన ఆంగ్ల కంపెనీలకు భూమిని ఉచితంగా ఇచ్చారు. లాభం వచ్చినా రాకున్నా ఏటా 5 శాతం ప్రతిఫలానికి హామీ కూడా ఇచ్చారు. ఆ సొమ్ము భారతీయుల పన్నులనుండి పోయింది. లాభం కంపెనీకి, నష్టం రైతుకు అన్న ఈ ఏర్పాటును దాదాభాయి నౌరోజీ వంటి జాతీయ నాయకులు గణాంకాలతో ఎండగట్టారు.

తెలుగునేలపైన కూడా ఈ చర్చ చాలా ముందుగానే సాగింది. నిజాం రాజ్యంలో వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. తరువాత చాందా వరకు మార్గాన్ని పొడిగించే పథకం సిద్ధమయినప్పుడు, దాని షరతులేమిటో, భారం ఎవరిమీద పడుతుందో ప్రజలకు తెలియజేయాలని 1883లో హైదరాబాదులోని విద్యావంతులు కోరారు. వారిలో ముఖ్యుడు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ. లెక్కలు అడిగిన నేరానికి ప్రభుత్వం ఆయనను రాజ్యంనుండి బహిష్కరించింది. రైలు ఎవరి సొమ్ముతో నడుస్తున్నది, ఎవరికోసం నడుస్తున్నది అని అడగడం పౌరుని హక్కు అని మన ప్రాంతంలో నూట నలభై ఏళ్లకు పూర్వమే కొందరు గ్రహించారన్నమాట.

ఆనాటి రైళ్లలో అత్యధికులు మూడవ తరగతి ప్రయాణికులు. కంపెనీల ఆదాయంలో పెద్ద భాగం వారినుండే వచ్చేది. సౌకర్యాలు మాత్రం మొదటి తరగతికి పోయేవి. దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చిన గాంధీజీ దేశమంతటా మూడవ తరగతిలో తిరిగి, ఆ పెట్టెల ఇరుకును, మురికిని, అక్కడి మనుషులకు జరిగే అవమానాన్ని 1917లో ఒక వ్యాసంగా వెలువరించారు. 1920లో నియమితమైన ఆక్‌వర్త్ సంఘం రైళ్ల నిర్వహణను ప్రభుత్వమే చేపట్టాలని సూచించింది. 1924లో రైల్వే ఆర్థిక వ్యవహారాలు సాధారణ బడ్జెటునుండి వేరుపడ్డాయి. తరువాతి కాలంలో కంపెనీల మార్గాలు ఒక్కొక్కటిగా ప్రభుత్వపరమయ్యాయి. స్వాతంత్ర్యానంతరం సంస్థానాల రైళ్లు కూడా కలిసి ఒకే జాతీయ వ్యవస్థ ఏర్పడింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే అవతరించింది.

మూడవ తరగతి అన్న పేరు 1974లో రద్దయింది. పేరు పోయినంత మాత్రాన బల్ల మెత్తబడలేదు. 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండావతే రెండవ తరగతి స్లీపరు పెట్టెలలోని చెక్కబల్లలపై మెత్తటి పరుపులు అమర్చాలని నిర్ణయించారు. చూడడానికి ఇది చిన్న పనే. కాని రాత్రంతా చెక్కమీద పడుకొని ప్రయాణించిన కోట్లమందికి అది ప్రభుత్వం చూపిన మర్యాద. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ పరుపును బజారు పోటీ తెచ్చిపెట్టలేదు. పేదవాడు ఎక్కువ చెల్లించలేడు కనుక అతని సుఖానికి బజారులో గిరాకి ఉండదు. ప్రజలకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వం తలపెట్టినందువల్లనే అది సాధ్యమయింది.

నేడు భారతీయ రైల్వే ప్రపంచంలోని అతిపెద్ద రైల్వే వ్యవస్థలలో ఒకటి. అరవై ఎనిమిది వేల కిలోమీటర్లకు పైగా మార్గం, ఇంచుమించు పన్నెండు లక్షల మంది ఉద్యోగులు, రోజుకు సుమారు రెండు కోట్ల ప్రయాణాలు. 2022-23లో అది 150 కోట్ల టన్నులకు పైగా సరుకును మోసింది. సింగరేణి బొగ్గు విద్యుత్కేంద్రాలకు చేరేదీ, బైలదిల్లా ఇనుప ఖనిజం కిరండూలు-కొత్తవలస మార్గంలో కొండలు దిగి విశాఖ రేవుకు వచ్చేదీ ప్రధానంగా రైలు మీదనే. శ్రీకాకుళం నుండి చెన్నైకి కూలికి పోయేవారు, పాలమూరు నుండి పట్నాలకు వలస వెళ్లేవారు, పల్లెనుండి జిల్లా కేంద్రంలోని కళాశాలకు వచ్చే విద్యార్థులు, తిరుపతి మొక్కు తీర్చుకొనే కుటుంబాలు, వీరందరికీ రైలు విలాసం కాదు. కూలి దొరకడానికీ దొరకకపోవడానికీ, చదువు సాగడానికీ ఆగడానికీ మధ్యనున్న వంతెన.

ఈ వంతెన గడచిన దశాబ్దంలో కొన్నిచోట్ల ఇరుకయింది. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో గిరాకిని బట్టి చార్జీ పెరిగే పద్ధతి వచ్చింది. అది స్తోమత గలవారి బండ్లకు పరిమితమని అప్పుడు సమాధానపడవచ్చు. కాని 2020లో కరోనా కారణంగా ఆగిన ప్యాసింజరు బండ్లు తిరిగి పట్టాలెక్కినప్పుడు వాటిలో చాలావాటికి ఎక్స్‌ప్రెస్ చార్జీ వసూలు చేశారు. ఆగే స్టేషన్లు అవే, కనీస చార్జీ మాత్రం పది రూపాయలనుండి ముప్పై రూపాయలయింది. పక్క ఊరికి పాలు, కూరగాయలు అమ్ముకోవడానికి పోయే మనిషికి ఆ ఇరవై రూపాయలు చిన్న మొత్తం కాదు. 2024 ఫిబ్రవరిలో గాని పాత కనీస చార్జీ తిరిగి రాలేదు. వృద్ధులకు ఉండిన చార్జీ రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. ఆ రాయితీ పొందుతూ ఉండిన వయోవృద్ధులు మహమ్మారి తగ్గిన తరువాత కూడా ఏళ్ల తరబడి దానికోసం ఎదురుచూడవలసివచ్చింది.

మరొక వైపు 2019 ఫిబ్రవరిలో వందేభారత్ రైలు వచ్చింది. 2023 జనవరిలో సికింద్రాబాదు-విశాఖపట్నం మధ్య కూడా నడక మొదలుపెట్టింది. చెన్నైలోని పెరంబూరు కర్మాగారంలో మన ఇంజనీర్లు, మన కార్మికులు తయారుచేసిన ఆ బండిని చూసి గర్వించడంలో తప్పులేదు. దేశానికి వేగమైన రైళ్లు అవసరమే. వేగం పెరిగితే విమానంలోనో సొంత కారులోనో పోయేవారు రైలుకు వస్తారు, ఆదాయమూ వస్తుంది. కాబట్టి తప్పు కొత్త బండిలో లేదు. పరిమితమైన పట్టాలమీద, పరిమితమైన ధనంతో ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమంలో ఉన్నది. ఒక వేగమైన బండికి దారి ఇవ్వడానికి చిన్న స్టేషనులో ప్యాసింజరు బండి ఆగిపోయినప్పుడు, ఎవరి కాలానికి విలువ ఉన్నదో, ఎవరి కాలానికి లేదో అక్కడ మౌనంగా నిర్ణయమైపోతున్నది. ఆ ప్యాసింజరులో ఉన్నవారిలో ఆ పూట ఆలస్యమైతే సగం కూలి కోల్పోయేవారు ఉంటారు.

ప్రభుత్వ విధానంలో మంచి మార్పులు లేవనడం న్యాయం కాదు. ఏసీ లేని పెట్టెలతోనే కూర్చిన అమృత్ భారత్ రైళ్లు 2023 డిసెంబరు 30న ఆరంభమయ్యాయి. తొలి రెండు బండ్లలో ఒకటైన మాల్దా టౌన్-బెంగళూరు రైలు ఆంధ్రప్రదేశ్ మీదుగానే పోతున్నది. జనరల్ బోగీలను వేల సంఖ్యలో తయారుచేయించనున్నట్లు 2024లో రైల్వేశాఖ ప్రకటించింది. సామాన్యునికి చోటు చాలడం లేదని అధికారికంగా ఒప్పుకొన్నట్లే ఇది. ఒప్పుకోలు మంచిదే. కాని దయతో ఇచ్చినది దయ తగ్గితే పోతుంది; హక్కుగా వచ్చినది నిలుస్తుంది. ప్రతి దూరప్రయాణపు బండిలో రిజర్వేషను లేని పెట్టెలు ఇన్నింటికి తగ్గరాదన్న నియమం చట్టబద్ధం కావడం అందుకే అవసరం.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. ప్రయాణికుని కోసం రైల్వే చేసే ఖర్చులో సగటున 57 శాతం మాత్రమే చార్జీగా తిరిగివస్తున్నదని టిక్కెట్ల మీదనే అచ్చువేశారు. మిగిలిన నష్టాన్ని ప్రధానంగా సరుకు రవాణా ఆదాయంతో పూడ్చుకొంటున్నారు. “సరసమైన చార్జీ వల్ల వచ్చే నష్టం ఎవరు భరించాలి? చార్జీ పెంచకుండా పెట్టెలు పెంచడం ఎలా?” అని ఆర్థికవేత్తలు అడుగుతారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేము. సరుకు మీద ఎక్కువ చార్జీ వేస్తే ఆ భారం బొగ్గు ద్వారా విద్యుత్తు మీద, సిమెంటు ద్వారా ఇంటి మీద, ఎరువు ద్వారా పంట మీద పడుతుంది. చివరకు దానిని మోసేది మళ్లీ పేదవాడే. పైగా రైలు చార్జీ భరించలేని సరుకు లారీలకు తరలిపోతుంది. 1950 ప్రాంతాలలో దేశంలోని సరుకు రవాణాలో ఎనభై శాతానికి పైగా రైళ్ల వాటా ఉండేది. అది ఇటీవలి కాలానికి ముప్పై శాతం లోపునకు పడిపోయింది.

అయితే ఈ వాదం నుండి తేలేది చార్జీ పెంచాలన్న నిర్ణయం కాదు. లెక్క తేటగా ఉండాలన్న నిర్ణయం. ప్రభుత్వ పాఠశాలకు లాభం రాలేదని ఎవరూ మూసివేయమనరు. ప్రభుత్వ వైద్యశాల ఖర్చులో ఎంత శాతం రోగులు చెల్లించారని ఎవరూ చీటీ మీద అచ్చువేయరు. పల్లె ప్యాసింజరు కూడా అటువంటి సేవయే. దాని ఖర్చును సరుకు చార్జీలో దాచిపెట్టడం మాని, సాధారణ ఖజానానుండి బహిరంగంగా చెల్లించాలి. ఏ మార్గంలో, ఎందరికోసం, ఎంత సొమ్ము ఇస్తున్నారో ఏటా పార్లమెంటుకు చెప్పాలి. అప్పుడు సరుకు చార్జీ తగ్గి, లారీలకు పోయిన సరుకు కొంత తిరిగివస్తుంది. రైల్వే ఆదాయమూ పెరుగుతుంది. రాయితీ అన్న మాట పేదవానికి పెట్టిన భిక్షలా కాక, సమాజం తన అవసరానికి తాను పెట్టుకొన్న ఖర్చులా కనబడుతుంది.

నష్టాల మాట వచ్చినప్పుడల్లా ప్రైవేటు నిర్వహణ ప్రస్తావన వస్తుంది. 2020 జులైలో 109 జంట మార్గాలలో 151 రైళ్లను ప్రైవేటు సంస్థలకు అప్పగించడానికి ప్రభుత్వం దరఖాస్తులు కోరింది. మరుసటి సంవత్సరం టెండర్లు తెరిచినప్పుడు తగిన స్పందన లేక ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. లాభం రూఢిగా కనబడని చోటికి పెట్టుబడి రాదన్నది ఇందులోని పాఠం. బ్రిటను 1990 దశకంలో తన రైళ్లను, పట్టాలను ప్రైవేటుపరం చేసింది. 2000 అక్టోబరులో హాట్‌ఫీల్డ్ వద్ద పగుళ్లిచ్చిన పట్టా ముక్కలై రైలు పడిపోయిన తరువాత పట్టాల నిర్వహణలోని నిర్లక్ష్యం బయటపడింది. పట్టాల యజమాని అయిన రైల్‌ట్రాక్ కంపెనీ మరుసటి సంవత్సరమే కుప్పకూలింది. ప్రయాణికుల రైళ్లను తిరిగి ప్రభుత్వ యాజమాన్యంలోకి తెచ్చుకోవడానికి బ్రిటిషు పార్లమెంటు 2024లో చట్టం చేసింది. జపాను అనుభవం కొంత భిన్నమైనది. 1987లో అక్కడి జాతీయ రైల్వేను ముక్కలు చేసి కంపెనీలుగా మార్చారు. జనసమ్మర్దం గల హోన్షూ దీవిలోని కంపెనీలు చక్కగా లాభపడ్డాయి. జనం పలుచగా ఉండే హొక్కాయిడోలో మాత్రం నష్టాలు వెంటాడి, మార్గాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఈ రెండు దేశాలకథ కలిపి చదివితే తెలిసేదేమిటి? రద్దీ ఉన్న నగరాల నడుమ ఎవరు నడిపినా రైలు నడుస్తుంది. మారుమూల పల్లెకు రైలు నడవాలంటే మాత్రం దాని వెనుక ప్రజల సంకల్పం ఉండాలి.

ప్రభుత్వ యాజమాన్యం ఉన్నంత మాత్రాన ప్రజాసేవ దానంతట అదే జరగదన్నది కూడా నిజమే. ఈ నిజం భద్రత విషయంలో మరింత కటువుగా కనిపిస్తుంది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల-మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోగా వందమందికి పైగా చనిపోయారు. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. ఆ నవంబరులోనే తమిళనాట అరియలూరు వద్ద మరొక ఘోరం జరిగినప్పుడు శాస్త్రి పట్టుబట్టి పదవి విడిచారు. నాయకుని నైతికతకు అది గొప్ప ఉదాహరణ. కాని ఒక మనిషి నైతికత వంతెనను నిలబెట్టలేదు. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2005 అక్టోబరు 29న, వలిగొండ సమీపంలో వరద వంతెనను కోసివేయగా డెల్టా ప్యాసింజరు పడిపోయి మళ్లీ వందమందికి పైగా మరణించారు. కారణం ఇంచుమించు అదే, బలైనవారూ అటువంటి సామాన్యులే.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు మన భద్రతా చర్యలు చాలాసార్లు ప్రమాదం వెనుక నడుస్తాయి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని లెవెల్ క్రాసింగు దాటుతున్న పాఠశాల బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. దేశం కంటతడి పెట్టింది. తరువాతి నాలుగైదేళ్లలో బ్రాడ్‌గేజి మార్గాలమీద కాపలా లేని క్రాసింగులన్నింటినీ తొలగించారు. ఈ విజయాన్ని ఘనంగా చెప్పుకోవచ్చు. సంకల్పమూ నిధులూ కలిస్తే ఇంత పెద్ద వ్యవస్థ కూడా కొద్దికాలంలోనే మారగలదని అది రుజువు చేసింది. అదే సంకల్పం ముందే ఉండి ఉంటే ఆ పిల్లలు నేడు యువకులై ఉండేవారన్న సంగతిని కూడా అది గుర్తుచేస్తుంది.

రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ అనే పరికర వ్యవస్థ స్వదేశంలో రూపొందినది. డ్రైవరు ప్రమాద సంకేతాన్ని దాటబోతే అది తానే బ్రేకులు వేస్తుంది. దీనిని 2016లో దక్షిణ మధ్య రైల్వేలోని లింగంపల్లి-వికారాబాదు ప్రాంతపు మార్గాలలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షించారు. 2023 నాటికి అది అమరినది 1,465 కిలోమీటర్ల మార్గంలోనే. ఆ సంవత్సరం అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద పలాస ప్యాసింజరును వెనుకనుండి రాయగడ ప్యాసింజరు ఢీకొని పద్నాలుగు మంది మరణించారు. ఆ మార్గంలో కవచ్ లేదు. తెలుగునేల మీద పరీక్షించిన రక్షణ తెలుగు ప్రయాణికునికే సమయానికి అందలేదు. కొత్త స్టేషను ముఖద్వారం అందరికీ కనిపిస్తుంది. పట్టాల పక్కన అమర్చిన పరికరం ఎవరికీ కనబడదు. కనబడని వాటికి కూడా అంతే శ్రద్ధతో సొమ్ము పెట్టడమే పాలనకు అసలైన పరీక్ష.

2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజారు స్టేషను వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ తప్పు పట్టాల మీదికి మళ్లి గూడ్సు బండిని ఢీకొన్నది. పక్కనుండి పోతున్న బెంగళూరు-హౌరా రైలు కూడా ఆ ప్రమాదంలో చిక్కుకొన్నది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నలు పనులలో జరిగిన లోపం కారణమని విచారణలో తేలింది. మృతులను గుర్తించే వేళ ఒక విషయం స్పష్టమయింది. రిజర్వేషను పెట్టెలలోని వారి పేర్లు జాబితాలో ఉంటాయి. జనరల్ బోగీలలోని వారి పేర్లు ఏ కాగితం మీదా ఉండవు. భువనేశ్వరంలో ఎన్నో మృతదేహాలు వారాల తరబడి పేరు లేకుండా ఉండిపోగా, డి.ఎన్.ఎ. పరీక్షలతో బంధువులకు అప్పగించవలసివచ్చింది. కూలి వెదుక్కుంటూ బయలుదేరిన మనిషి మరణంలో కూడా సంఖ్యగా మిగలడం కంటే పెద్ద అన్యాయం ఏమున్నది?

భద్రత యంత్రాల వల్ల మాత్రమే రాదు. మండుటెండలో సుత్తి, పానా భుజాన వేసుకొని పట్టా వెంట నడిచే కీమన్, గ్యాంగ్‌మన్‌లు, రాత్రంతా కన్నార్పక సంకేతాలను చూసే లోకో పైలట్లు, చిన్న స్టేషనులో ఒంటరిగా బండ్లను దాటించే స్టేషను మాస్టర్లు, వీరి మీద ఆ భారమంతా నిలిచి ఉంటుంది. 2023లో రైల్వేలో రెండున్నర లక్షలకు పైగా ఉద్యోగాలు ఖాళీగా ఉన్నట్లు ప్రభుత్వమే తెలిపింది. వాటిలో పెద్ద భాగం భద్రతకు సంబంధించినవి. ఇద్దరు చేయవలసిన పని ఒకరు చేసినప్పుడు జీతాల పద్దులో మిగులు కనిపిస్తుంది. ఆ మిగులుకు చెల్లించే ధర పట్టాల మీద తెలుస్తుంది. నిరుద్యోగ యువత లక్షలుగా పరీక్షలు రాసి ఎదురుచూస్తూ ఉండగా, ప్రాణరక్షణకు అవసరమైన కొలువులు ఖాళీగా ఉండడం విడ్డూరం.

ప్రజాసంస్థగా రైల్వే ఏమి చేయగలదో, చేయకపోతే ఏమవుతుందో 2020 సంవత్సరం ఒకేసారి చూపింది. మార్చిలో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. బతుకుతెరువు పోయిన వలస కూలీలు పిల్లలను చంకనెత్తుకొని వందల కిలోమీటర్లు నడిచారు. మే 1న తొలి శ్రామిక ప్రత్యేక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు దాదాపు 1,200 మంది కూలీలతో బయలుదేరింది. తరువాత అటువంటి బండ్లు వేల సంఖ్యలో నడిచి లక్షలమందిని ఇళ్లకు చేర్చాయి. మరే సంస్థా చేయలేని పని అది. కాని అంతలోనే, మే 8న, మహారాష్ట్రలోని ఔరంగాబాదు జిల్లాలో రైళ్లు లేవనుకొని పట్టాల మీద నిద్రించిన పదహారు మంది కూలీల మీదుగా గూడ్సు బండి వెళ్లింది. రైలు కోసం నడిచినవారు పట్టాల మీదనే ప్రాణాలు విడిచారు. రైలు అనేది సామాన్యునికి ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కాబట్టి చేయవలసిన పనులు అస్పష్టంగా లేవు. రిజర్వేషను లేని పెట్టెలకు కనీస సంఖ్యను చట్టంతో నిర్ణయించాలి. ఆ పెట్టెలలో నీరు, వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండేలా చూడాలి. ప్లాట్‌ఫారం పైకప్పు ఆ పెట్టెలు ఆగే చోటుదాకా పొడిగించాలి. సేవగా నడిచే బండ్ల ఖర్చును ఖజానా బహిరంగంగా భరించాలి. కవచ్ అమరికకు, వంతెనల తనిఖీకి, భద్రతా ఉద్యోగాల భర్తీకి గడువులు పెట్టి, అవి దాటితే కారణం చెప్పాలి. 1924 నుండి 2016 వరకు రైల్వేకు ప్రత్యేక బడ్జెటు ఉండేది. దానిని 2017లో సాధారణ బడ్జెటులో కలిపారు. విలీనం వల్ల కొన్ని చిక్కులు తొలగి ఉండవచ్చు. కాని ఏటా ఒక రోజు దేశమంతా రైళ్ల గురించి మాట్లాడుకొనే సందర్భం పోయింది. బడ్జెటు వేరుగా లేకున్నా, రైల్వే భద్రత మీద, సామాన్యుని ప్రయాణం మీద ఏటా పార్లమెంటులో ప్రత్యేక చర్చ జరగడానికి అడ్డేమీ లేదు.

హక్కు కోరే పౌరునికి బాధ్యత కూడా ఉన్నది. టిక్కెట్టు లేకుండా ఎక్కేవాడు దోచుకొనేది సర్కారును కాదు, పక్కన నిలబడిన తోటి కూలిని. కదులుతున్న రైలు మీద రాళ్లు విసిరేవాడు, పెట్టెలోని కుళాయిని ఊడదీసుకొనిపోయేవాడు తన ఇంటి దూలాన్ని తానే నరుక్కుంటున్నాడు. ప్రజల ఆస్తి అంటే ఎవరిదీ కానిది కాదు, అందరిదీ అయినది.

1883లో హైదరాబాదు పెద్దలు రైలు లెక్కలు అడిగినందుకు దేశబహిష్కారం పొందారు. ఈనాడు ఆ భయం లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుండి అమలులో ఉన్నది. తమ ఊరి స్టేషనులో ఆగే బండి ఎందుకు రద్దయిందో, తమ మార్గంలో కవచ్ ఎప్పుడు అమరుతుందో, తమ వంతెనను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో ఒక సాధారణ కాగితం మీద రాసి అడిగే అధికారం ప్రతి పౌరునికీ ఉన్నది. నేటి విద్యార్థులే రేపటి ఇంజనీర్లు, అధికారులు, లోకో పైలట్లు, ప్రజాప్రతినిధులు. అంతకు ముందుగా వారందరూ ప్రయాణికులే. వేగాన్ని కోరడంతో పాటు, ఆ వేగం ఎవరిని వెనుక వదలి పోతున్నదని కూడా అడగడం వారు నేర్చుకొన్ననాడు భారతీయ రైల్వే పేరుకు తగినట్లు భారతీయులందరిదీ అవుతుంది.